ఆనెకాయ కానిది

అన్యాయం ఎవరికి జరిగింది? బట్టలు కుట్టి ఇల్లు నడుపుకొనే ఒక స్త్రీకి. ఎలా జరిగింది? ఆమె కుడి అరికాలిలో లేచిన ఎర్రటి బుడిపెను పెద్ద డాక్టరు ఆనెకాయ అని తేల్చి, రెండుసార్లు కోసి, పరీక్షకు పంపకుండా చెత్తబుట్టలో పడేశాడు. అది మళ్లీ మొలిచినప్పుడు, రోగులతో నిండిన హాల్లో అందరి ముందూ కసిరాడు.

"నువ్వే బ్లేడుతో గీకి పుండు చేసుకుంటున్నావు. కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకో!"

ఆ మాట ఆమెకంటే ముందే ఇల్లు చేరింది.

"మా వదినకు బట్టలు కత్తిరించి విసుగెత్తింది, ఇప్పుడు కాలు కత్తిరించుకుంటోంది," అని ఆడపడుచు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించింది.

ఆమె మిషను తొక్కే కాలు అది. అదే ఆసుపత్రికి కొత్తగా వచ్చిన సర్జనమ్మ దగ్గరికి కుంటుకుంటూ వెళ్లింది. సర్జనమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

"చెమట గ్రంథిలో పుట్టిన క్యాన్సరమ్మా. చాలా అరుదు. చూడటానికి ఆనెకాయలాగే ఉంటుంది."

"కాలు తీసేస్తారా?"

"కోసిన ముక్క అంచుల్లో జబ్బు లేకపోతే తియ్యం. గజ్జల్లోకి పాకిందేమో కూడా చూడాలి."

నడుము కింద మొద్దుబార్చి ఆపరేషన్ చేశారు. కోసిన ముక్కకు ఒక పక్క సర్జనమ్మ నల్లదారం కుట్టడం ఆమె అద్దాల తలుపు మీది ప్రతిబింబంలో చూసింది.

"దారమెందుకమ్మా?"

"ఏది వేళ్లవైపో పరీక్షించేవాళ్లకు తెలియాలిగా."

"మా గుడ్డకూ అంతే. అడ్డూ నిలువూ తెలియకపోతే చొక్కా చెడుతుంది."

రిపోర్టు వచ్చేదాకా గాయం మూయలేదు. మడమవైపు అంచులో జబ్బు ఇంకా మిగిలి ఉందన్నారు. ఆ వైపే మరికొంత కోశారు. ఈసారి అంచులూ, గజ్జల్లో పరీక్షకు తీసిన లింఫు గ్రంథీ శుభ్రంగా తేలాయి. తొడ చర్మంతో అరికాలికి అతుకు వేశారు. కాలు దక్కింది.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరు ఆమె గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"పొరపాటు జరిగిందమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి.

"తలుపు మూసి చెబుతున్నారేం డాక్టరుగారూ? ఆ రోజు హాలు తలుపులు తెరిచే ఉన్నాయిగా!"

ఆయన తలుపు తెరుచుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి పంపే రోజు, అదే హాల్లో, ఆమె చక్రాల కుర్చీ పక్కన నిలబడి ఆయన గొంతెత్తాడు.

"అందరూ వినండి. ఈవిడ కాలు గీక్కోలేదు. ఇది క్యాన్సరు. ముక్కను పరీక్షించకుండా పారేసింది నేను. నింద ఈవిడ మీద వేసిందీ నేనే. నన్ను క్షమించండమ్మా."

తోడు వచ్చిన ఆడపడుచు తల వంచుకుని, కట్టు కట్టిన ఆ పాదం కింద తన శాలువా మడిచి పెట్టింది.

"సరిపోయింది డాక్టరుగారూ. ఇక మీరు నాకేమీ బాకీ లేరు," అంది ఆమె.