కనకం కాళ్ళ దగ్గర నీళ్ళు

పొద్దున్నే ల్యాబ్ తాళం తీసి చలపతిరావుగారు ముందు చేసే పని ఫ్యాన్లు వెయ్యడం కాదు, దేవుడి పటానికి దణ్ణం పెట్టడమూ కాదు. కిటికీ పక్క కంప్యూటర్ కింద ఉన్న యూపీఎస్‌ని ఎత్తి ఇటుకల మీద పెట్టడం. అది కనకమహాలక్ష్మి సీటు. ఆ పిల్ల కూర్చున్న కాసేపటికి కాళ్ళ దగ్గర కొల్లేటి నీళ్ళు ఊరతాయి. మడమల దాకా వచ్చి ఆగుతాయి. ఒక్కోరోజు గుర్రపుడెక్క ఆకు తేలుతుంది, ఒక్కోరోజు చేపపిల్లలు కనిపిస్తాయి. క్లాసయ్యాక చలపతిరావుగారు "నా ప్రాణానికి ఇదో పని" అని సణుగుతూనే, ఒక్క చేపపిల్లని కూడా తొక్కకుండా నీళ్ళన్నీ బకెట్లోకి ఎత్తి కాలవలో వదిలి వస్తారు.

పవర్‌పేట స్టేషన్ వెనక ఉన్న ఆ కంప్యూటర్ సెంటర్లో ఇది ఎవరికీ వింత కాదు. ఒకళ్ళు గోళ్ళు కొరుక్కుంటారు, ఒకళ్ళకి ఊరికే తుమ్ములొస్తాయి, కనకానికి నీళ్ళొస్తాయి. అంతే.

ఎందుకొస్తాయో కూడా అందరికీ తెలుసు. కిందటి శ్రావణంలో వాళ్ళ నాన్న దుర్గారాజు గాలివానలో వలలు తియ్యడానికి వెళ్ళాడు. మర్నాడు దోనె దొరికింది, మనిషి దొరకలేదు. ఆ తర్వాతనించే కనకం ఎక్కడ కూర్చుంటే అక్కడికి నీళ్ళు రావడం మొదలైంది. "మీ నాన్నేనే. నిన్ను చూసిపోడానికి వస్తున్నాడు. ఎక్కడో ఉన్నాడు" అని తేల్చేసింది తల్లి నూకరత్నం. కూతురు ఏలూరులో గది తీసుకున్నాక రోజూ సాయంత్రం కొల్లేటి లంకలోని ఇంటినించి ఫోన్ చేసి, అన్నం తిన్నావా అనైనా అడక్కుండా, "వచ్చాడా?" అనేది.

"వచ్చాడమ్మా."

"ఎంతవరకూ?"

"మడమల దాకా."

ఆ మాట వింటేగానీ ఆవిడకి ముద్ద దిగేది కాదు.

కోర్సు మొదటిరోజు భానుమతి మేడం అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "నేను మీ దగ్గర ఆశించేది పెద్దదేం కాదు. రోజూ రండి. పక్కవాళ్ళది చూసి కొట్టకండి. తెలియకపోతే సిగ్గుపడకుండా అడగండి. కోర్సు అయ్యేసరికి నా సాయం లేకుండా ఒక ఉత్తరం టైపు చెయ్యాలి, పట్టిక వేసి కూడికలు మెషీన్ చేతే చేయించాలి, మెయిల్ పంపాలి. నాకది చాలు. మరి మీకేం కావాలో మీరు చెప్పండి."

భావన బ్యాంకులో చేరతానంది. పృథ్వీ సినిమాలకి గ్రాఫిక్స్ చేస్తానన్నాడు. కనకం లేచి నిలబడి, "కాళ్ళు తడవని ఉద్యోగం కావాలండీ" అంది. క్లాసంతా గొల్లుమంది. మేడం మాత్రం నవ్వలేదు. చేపల చెరువుల్లో చిన్నప్పట్నించీ నానీ నానీ పాచిపోయిన ఆ పాదాలు ఆవిడ చూసింది.

పాపం, మొదట్లో మౌస్‌ని జారిపోయే కొర్రమీనుని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకునేది కనకం. అయితేనేం, పట్టు వదల్లేదు. రెండు నెలలు తిరిగేసరికి పక్కవాళ్ళే ఆమెని అడగడం మొదలుపెట్టారు.

ఇంతలో ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. అది ఇక్కడ కాదు, ఆర్.ఆర్.పేటలో ఇంకో చోట. మేడం కనకాన్ని పక్కకి పిలిచింది.

"అక్కడ వైర్లన్నీ నేలమీదే ఉంటాయమ్మా. నీళ్ళొచ్చాయంటే అందరి పరీక్షా పోతుంది. నిన్ను లేపి బయటికి పంపేస్తారు. స్కానింగ్ సెంటర్ డాక్టరుగారికి నీ పేరే చెప్పాను, పాసైతే చేర్చుకుంటానన్నారు. ఆ ఒక్క పూటా ఆగమని మీ నాన్నగారికి చెప్పి చూడరాదూ?"

"చెబుతానండీ" అంది కనకం.

కొల్లేటి లంకల్లో, నీటి మీదికి వెళ్ళిన మనిషిని "రాకు" అనరు. కోపంలోనూ అనరు. తాగొచ్చిన మొగుణ్ణి పెళ్ళాం వీధిలో నిలబెట్టి నానా తిట్లూ తిడుతుందిగానీ, దోనె కదిలేటప్పుడు మాత్రం "నిదానంగా రా" అనే అంటుంది. పాలు తాగే పిల్లలకి తప్ప ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. కనకానికీ తెలుసు. ఎల్లుండి రా నాన్నా అంటే సరిపోయేది కదా! పిచ్చిపిల్ల, పరీక్ష భయంలో బుర్ర పనిచెయ్యలేదు. ముందురోజు క్లాసులో నీళ్ళలోకి వంగి, "నాన్నా, రేపు రాకు. నాకు పరీక్ష" అనేసింది.

నీళ్ళు కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లమెల్లగా గచ్చులోకి ఇంకిపోయాయి. ఆరోజు చలపతిరావుగారికి బకెట్ పని పడలేదు.

పరీక్ష బ్రహ్మాండంగా రాసింది. ఉద్యోగం వచ్చింది. స్కానింగ్ సెంటర్లో చలవరాళ్ళ నేల, ఏసీ గది, తిరిగే కుర్చీ. నీళ్ళు మాత్రం మళ్ళీ రాలేదు. రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు అనుకుంది. పేషెంట్లు లేనప్పుడు చెప్పులు విప్పి బల్లకింద కాళ్ళు పెట్టుకుని, "అయిపోయింది నాన్నా, రా" అని ఎన్నిసార్లు పిలిచిందో! గదికొచ్చి దిండులో మొహం దాచుకుని ఏడ్చేది. సాయంత్రం ఫోన్లో తల్లి అడిగితే, "వచ్చాడమ్మా, మడమల దాకా" అనేది.

ఒక ఆదివారం నూకరత్నం చెప్పకుండా బస్సెక్కి వచ్చేసింది. చేతిలో చిన్నచేపల పులుసు గిన్నె.

"నేనూ మళ్ళీ ఓసారి ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తానే. నువ్వు లేకుండా నా దగ్గరికి ఒక్కసారీ రాలేదు మీ నాన్న" అని, కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కాళ్ళ పక్కనే గచ్చుకి అరచెయ్యి ఆనించి కూర్చుంది. టీ ఇస్తే తాగలేదు. అన్నం పెడతానంటే ఉండమంది. ఎండ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. గచ్చు పొడిగానే ఉంది.

"ఎప్పట్నించే?" అంది చివరికి.

"పరీక్షప్పట్నించమ్మా."

"రాకన్నావా?"

కనకం తలూపింది. తల్లి చెంప పగలగొడుతుందనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

"పాసయ్యావు కదా?"

"అయ్యానమ్మా."

"గాలివానలో వెళ్ళకయ్యా అని పాతికేళ్ళు మొత్తుకున్నాను. నా మాట ఒక్కనాడూ వినలేదు. నీ మాట విన్నాడే" అంది నూకరత్నం. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లంకంతా కూడబలుక్కుని చెప్పినా ఇన్నాళ్ళూ తియ్యని బొట్టుని, అదే చేత్తో తుడిచేసింది.