నంబరు మారింది

బోర్డులు రాసేవాళ్ళు వరస తిన్నగా వచ్చిందో లేదో ఒక కన్ను మూసి చూసుకుంటారు. బోర్డులక్క కుడికన్ను మూసేది. అలా మూసినప్పుడల్లా వీధిలో ఏదో ఒకటి మాయమయ్యేది. ఎడమకంటి చూపులో నల్లమచ్చ ఉంది మరి. దాని కింద పడినవి ఆమెకే కాదు, ఎవరికీ కనబడవు. ఆసుపత్రిలో కంటికి ఇంజెక్షన్ చేసి మచ్చ తగ్గించాక తిరిగొస్తాయి. "నా తాళంచెవి దొరికింది, ఇంజెక్షన్ అయిందా అక్కా?" అని పాలాయన పలకరించేవాడు.

ఆమె కసి మాత్రం ఏ ఇంజెక్షన్‌కీ తగ్గలేదు. ఒకప్పుడు ఆ కంట్లో నీడ కదులుతోందని మూలమీది కళ్ళజోళ్ళాయన దగ్గరికి వెళితే, "నంబరు మారిందమ్మా" అని అద్దాలు మార్చాడు. మళ్ళీ వెళితే మళ్ళీ మార్చాడు. లోపల పెరుగుతున్నది కాన్సరు గడ్డ. పెద్దాసుపత్రిలో కనుగుడ్డుకి రేడియేషన్ బిళ్ళ కుట్టి గడ్డను చంపారు. ప్రాణం దక్కింది గానీ, రేడియేషన్‌కి కంటి లోపలి రెటీనా పొర దెబ్బతిని నీరు ఊరింది, చూపులో మచ్చ మొదలైంది. ముందే వచ్చుంటే ఇంత దాకా వచ్చేది కాదని డాక్టరమ్మ అంది. 'ముందే' అన్న ఆ మాట అక్కకు ముల్లులా దిగింది.

ఈసారి ఇంజెక్షన్‌కి వెళ్ళనంది. చెల్లెలు ఏడ్చింది.

"నీరు అలాగే నిలిస్తే చూపు మళ్ళీ రాదన్నారుగా అక్కా. వాడి మీద కోపంతో నీ కన్ను నువ్వే పొడుచుకుంటావా?"

"అది వాడెప్పుడో పొడిచాడు. మిగిలినదాంతో నా పని నన్ను చేసుకోనీ."

మచ్చ పెరిగి పెరిగి మనిషి పట్టేంత అయింది. అప్పుడు కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. కుర్చీలో ఒక బస్సు డ్రైవరు, కంట్లో ఏదో నీడ కదులుతోందని చెబుతున్నాడు. కళ్ళజోళ్ళాయన కర్రతో గోడమీది అక్షరాలు చూపిస్తూ, "నంబరు..." అన్నాడు. ఆయన్నే మాయం చేద్దామని వచ్చింది అక్క. కానీ మనిషే లేకపోతే సిగ్గుపడేదెవరు? కుడికన్ను మూసి గోడవైపు తిరిగింది. అక్షరాలన్నీ పోయాయి.

పరీక్ష ఆగిపోయి డ్రైవరు పెద్దాసుపత్రికి వెళ్ళాడు. గడ్డ ఆవగింజంత ఉండగానే దొరికింది.

అక్క మచ్చ ఇక తగ్గలేదు, అక్షరాలూ తిరిగి రాలేదు. ఆయన కొత్తవి తగిలించినప్పుడల్లా ఆమె అటుగా వెళ్ళి ఒక కన్ను మూసేది. తెల్లగోడ ముందు కర్ర పట్టుకుని కూర్చున్నాడాయన. అందరూ ఏమీ కనబడట్లేదనేవాళ్ళే. చివరికి ఆమె గడపే తొక్కాడు.

"తప్పయిందమ్మా. నిలిచేది ఏదైనా ఒకటి రాసిపెట్టు."

ఆమె క్షమించలేదు. నిచ్చెన వేసుకుని, షాపు నెత్తిన బారెడు అక్షరాలతో రాసింది: కంట్లో నీడ కదిలితే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. వచ్చినవాళ్ళకల్లా దాన్ని చదివి వినిపించమని ఆయనతో చెప్పింది.

నిచ్చెన దిగి, వరస చూసుకోవడానికి ఒక కన్ను మూసింది. ఈసారి ఎడమకన్ను.