నీలాచలం పంతులుగారి దాహం

నేను ఒక మరచెంబును. ఇత్తడి ఒళ్ళు, పొట్టి మెడ, తిప్పి బిగించే మూత. బూడితి అనే ఊళ్ళో ఒక కంచరి నన్ను పోతపోసి, తోమి తోమి మెరుగుపెట్టి సంతకు పంపాడు. ఇప్పుడు నాలాంటివాళ్ళతో ఎవరికీ పనిలేదు గాని, ఆ రోజుల్లో ఆచారపరులు ఊరు దాటితే మేం వెంట ఉండాల్సిందే. బయట ఎవరి చేతి నీళ్ళూ తాగకూడదు కదా! ఇంటి బావినీళ్ళు మాలో నింపుకొని, తిరిగొచ్చేదాకా అవే గుక్కెడు గుక్కెడుగా తాగేవారు. మనుషులు ఒకరికొకరు దూరంగా ఉండటానికి చేసుకున్న వస్తువుల్లో నేనూ ఒకదాన్నని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నన్ను సన్యాసిశాస్త్రిగారనే వైదికుడు కొని, కూతురు జోగమ్మ పెళ్ళిలో అల్లుడి చేతికిచ్చారు. "ఊళ్ళు తిరిగేవాడివి నాయనా, దీన్ని వదలకు" అన్నారు. ఆ అల్లుడే ఇవటూరి నీలాచలం పంతులు.

పంతులుగారు శ్రీకాకుళంలో తెలుగు మేష్టారు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం కంచు. ఆయనకు ఎప్పుడూ ఒకటే బెంగ. ఇంతమంది హిందువులుండి, ఇంత పాత జాతి అయ్యుండి, ఎవడొస్తే వాడికి ఎందుకు లొంగిపోయాం అని. దానికి జవాబుగా ఆయన రాసిన పుస్తకం పేరు 'ఒకే గడప'. మనందరిదీ ఒకే ఇల్లు, దానికి ఒకే గడప, కాని లోపల గదికో గొళ్ళెం పెట్టుకుని కూర్చున్నాం, దొంగకు ఇంతకన్నా ఏం కావాలి అన్నది ఆయన వాదం. అది చదివి కుర్రకారు ఊగిపోయారు. హిందూ సంఘం వాళ్ళు ఊరూరా సభలు పెట్టించారు. ప్రతి సభలోనూ బల్ల మీద ఆయన పక్కన నేను. గొళ్ళేలు ఊడబెరకాలని గంటసేపు గర్జించి, గొంతెండగానే నా మూత తిప్పి సొంత నీళ్ళు తాగేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఒక్కరికీ నవ్వు రాలేదు.

నా మూత వదులైతే సరిచేసేది బజార్లో కలాయి వేసే ఖాదర్ సాహెబు. ఒకనాడు అతను పని చేస్తూ చేస్తూ తలెత్తి, "మీ పుస్తకం చదివాను పంతులుగారూ. మా తాతలూ ముత్తాతలూ ఈ మట్టిలోనే కలిసిపోయారు. మరి మేం ఆ గడపకి లోపలా, బయటా?" అని అడిగాడు.

పంతులుగారు నన్ను చూశారు. "అది పెద్ద విషయం ఖాదరూ. తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ తీరిక చిక్కకుండానే ఏళ్ళు గడిచాయి.

ఒక వైశాఖమాసంలో పాలకొండ వైపు ఒక అగ్రహారంలో సభ పెట్టారు. బండి పంపుతామన్నవాళ్ళు పంపలేదు. పంతులుగారు బస్సు దిగి చేలగట్ల మీద నడక మొదలెట్టారు. సగం దారిలోనే నేను ఖాళీ అయిపోయాను. మాలపల్లె దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్ళు తడబడ్డాయి. ఒక తాటిచెట్టు మొదట్లో కూలిపోయారు. నేను దొర్లి తుప్పల్లో పడ్డాను.

పల్లె జనం పరుగెత్తుకొచ్చారు. వచ్చి, నాలుగు బారల దూరంలో ఆగిపోయారు.

"సభకొచ్చిన పంతులుబాబు! ఎండదెబ్బ తగిలీసింది!"

"ముట్టుకోకండెహె! మాలోల్లు నీల్లు పోసినారని తెలిస్తే మన కొంపలు మిగుల్తాయేటి? అగ్రారానికి కబురెట్టినాం. ఆల్లే వొస్తారు."

అందరి కళ్ళలోనూ జాలి ఉంది. ఒక్కరి కాలూ ముందుకు పడలేదు. అప్పుడు పోలమ్మ అనే ముసలామె నెత్తిమీది గడ్డిమోపు కింద పడేసింది.

"ఆల్లొచ్చేతలికి ఈ బాబు పోతాడు" అని నన్ను తుప్పల్లోంచి తీసి, గుడిసెలోకి పోయి, తన కుండలో ముంచి తెచ్చింది. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నోట్లో కొద్దికొద్దిగా పోసింది. "తాగు నాయినా. తిట్టాలనుంటే లేసినాక తిట్టుదువు."

పంతులుగారు కళ్ళు తెరిచారు. ఆమెను చూశారు. ఎక్కడున్నదీ అర్థమైంది. ఆయన రెండు చేతులతో నన్ను పట్టుకుని, అడుగంటా తాగారు.

"ఇంకా ఉన్నాయా అమ్మా?" అన్నారు.

అగ్రహారం పెద్దలు గొడుగులు వేసుకుని వచ్చేసరికి ఆయన లేచి కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన నన్ను చూసి నెమ్మదించాడు. "సమయానికి మీ చెంబులో నీళ్ళుండబట్టి సరిపోయింది. మీ నీళ్ళే కదా?"

అవునంటే ఎవరికీ ఏ బాధా లేదు. పోలమ్మ కూడా అలా అనమన్నట్టే చూసింది.

"కాదు. ఈవిడ నీళ్ళు. అడిగి తాగాను" అన్నారు పంతులుగారు.

ఆ సాయంత్రం సభ జరగలేదు. ఆయన ఇంటికొచ్చి పుస్తకానికి 'పోలమ్మ నీళ్ళు' అని కొత్త అధ్యాయం రాసి అచ్చుకిచ్చారు. "నన్ను చంపబోయింది ఎండ కాదు, వాళ్ళకు నేనంటే ఉన్న భయం. ఆ భయం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను" అని అందులో రాశారు. సంఘం అధ్యక్షుడు ఉసూరుమన్నాడు. "అంటు పోవాలని మేమూ అంటున్నాం కదండీ! అంతమాత్రానికి తాగానని రాసెయ్యాలా?"

బంధువులు వెలివేశారు. పురోహితుడు రావడం మానేశాడు. అన్నీ జోగమ్మగారు నోరెత్తకుండా భరించారు. అంతలో సన్యాసిశాస్త్రిగారు మంచం పట్టారు. కూతుర్ని చూడాలని కలవరిస్తున్నారట. ఆవిడ అన్నగారొచ్చి, వీధి అరుగు దగ్గరే నిలబడి, "బావగారు ప్రాయశ్చిత్తం చేసుకుంటేనే మీరు గడప తొక్కేది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

జోగమ్మగారు వంటింట్లో కూలబడి ఏడ్చారు. పంతులుగారు గుమ్మంలో నిలబడ్డారు.

"చేసుకుంటానే జోగీ. గుండు కొట్టించుకుని కాస్త పంచగవ్యం పుచ్చుకుంటే సరి. నా రాతలకోసం నిన్ను మీ నాన్నకి దూరం చెయ్యలేను."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"మీరు రాసినవి నాకు సగం అర్థం కావు. కాని ఆవిడ పొయ్యకపోతే నా మొహాన ఈ బొట్టు ఉండేదా? ఆ నీళ్ళు పాపమని మీరు గుండు కొట్టించుకుంటారా? వద్దు."

"మీ నాన్నో?"

"నాన్నని చూడలేకపోతే నేను ఏడుస్తాను. అది నా ఏడుపు. మీరు మాత్రం వెళ్ళి తలవంచకండి."

తండ్రి పోయినరోజు ఆవిడ పెరట్లో ఒక్కరే స్నానం చేసి, తడిబట్టలతోనే బావిగట్టు మీద కూర్చున్నారు. పంతులుగారు పక్కన కూర్చున్నారు.

ఆ తరువాత ఆయన ఎక్కడికి వెళ్ళినా నన్ను తీసుకెళ్ళలేదు. ఎవరు ఏ గ్లాసుతో ఇస్తే అందులో తాగారు. నేను వంటింటి గూట్లో మెరుగు మాసిపోతూ ఉండిపోయాను. అందుకు నాకేమీ బాధ లేదు. చివరిరోజుల్లో ఖాదర్ సాహెబు చూడ్డానికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పంతులుగారు అతని చెయ్యి పట్టుకుని, "నువ్వడిగినదానికి రెండుసార్లు రాసి చింపేశాను ఖాదరూ. పోలమ్మ దగ్గరికి వెళ్ళగలిగాను గాని, నీ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది" అన్నారు. ఖాదర్ సాహెబు ఆయన దుప్పటి సరిచేశాడు. ఆ అధ్యాయం లేకుండానే ఆయన వెళ్ళిపోయారు.

కొన్నేళ్ళకు సంఘం వాళ్ళు 'ఒకే గడప' మళ్ళీ అచ్చువేసి పెద్ద సభ పెట్టారు. నన్ను ఇంటినుంచి అడిగి తెచ్చి, పంతులుగారి పటం పక్కన చింతపండుతో తోమి, బంతిపూల దండవేసి నిలబెట్టారు. వక్తలు ఆయన నిష్ఠను, ఆచారాన్ని పొగిడారు. జోగమ్మగారికి శాలువా కప్పి, కొత్త పుస్తకం చేతిలో పెట్టారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, పుస్తకం చివరిదాకా తిప్పారు. మళ్ళీ మొదటికొచ్చారు.

"పోలమ్మ ఏది?"

కార్యదర్శి చేతులు నలుపుకున్నాడు. "పుస్తకం మరీ పెద్దదైపోతోందని... కొన్ని తగ్గించామమ్మా."

ఆవిడ పుస్తకం బల్ల మీద పెట్టేశారు. శాలువా మడిచి దాని మీద పెట్టారు. నా మెడలో దండ తీసి పటం దగ్గర ఉంచి, నన్ను చంకనెత్తుకుని మెట్లు దిగారు.

"అమ్మా, ఆ చెంబు! అద్దాల బీరువాలో పెడదామనుకున్నామండీ" అంటూ కార్యదర్శి వెంటపడ్డాడు.

"పోలమ్మని పుస్తకంలో పెట్టి అప్పుడు రండి, ఇస్తాను" అని ఆవిడ వెనక్కి తిరగకుండానే వీధిలోకి నడిచారు.

ఇంతవరకూ ఎవరూ రాలేదు.