కన్నమ్మ ఎడమ చెయ్యి

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాలు అయ్యేలోగా తెమలాల్సిన పనులు చాలానే ఉన్నాయి. అరటాకులు కోసుకొచ్చి తుడిచి పెట్టాలి. కోవెల నుంచి తెచ్చిన మడత కుర్చీలు లారీలోంచి దించాలి. కేకు మీద పేరు తెలుగులో రాయించాలి, అందుకు దుకాణంలోని చైనా అమ్మాయికి అక్షరాలు పెద్దవిగా గీసి చూపించాలి. పులిహోరకి చింతపండు నానబెట్టాలి. ముంగిట వేసిన గుడారంలోకి ఫ్యాను లాగాలి. హాల్లో కొత్త హోమ్ థియేటర్‌ని సరిచెయ్యాలి.

మిగతావన్నీ ఎవరో ఒకరు చేసేశారు. చివరిది మాత్రం భారతి వంతు. అదే మొండికేసింది.

మలేషియాలో, బంటింగ్‌లోని ఆ ఇంటికి ఆ రోజు చుట్టాలందరూ వస్తున్నది కన్నమ్మ కోసం. ఆవిడకి ఎనభై ఏళ్లు నిండాయి. రబ్బరు తోటలో చెట్లు గీసి పాలు తీసే రోజుల్లో, తోట రామమందిరంలో మృదంగం వాయించేవాడు వేరే తోటకి వెళ్లిపోతే, ఇక భజన ఆగిపోయినట్టే అని మగవాళ్లంతా చేతులు కట్టుకుని కూర్చున్నారట. కన్నమ్మ చీర చెంగు దోపుకుని మృదంగం ఒళ్లోకి లాక్కుంది. నేర్పినవాళ్లు లేరు. చూసి నేర్చుకున్నదే. ఆ తర్వాత తోట అమ్ముడుపోయేదాకా ఆ మృదంగం ఆవిడ చేతిలోనే ఉంది. ఇప్పుడు వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. మనవళ్లలో, మనవరాళ్లలో ఆవిడ వాయించగా విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

కన్నమ్మ మనవరాలు భారతి ఆ ఇంట్లో మొట్టమొదటి పట్టభద్రురాలు. ఎలక్ట్రానిక్స్ చదివి క్లాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. నల్ల గౌను వేసుకుని తీయించుకున్న ఆమె ఫోటోకి, తండ్రి యోగేశ్వరన్ దేవుడి పటాల కంటే పెద్ద చట్రం కట్టించాడు. పామాయిలు గెలలు మోసే లారీ నడుపుతాడాయన. అవ్వ పుట్టినరోజుకని భారతి, పాత భజన క్యాసెట్ ఒకటి వెతికి పట్టుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. అది వినడానికే తన జీతంతో ఈ సెట్టు కొని ముందుగా ఇంటికి పంపింది. తండ్రి దాన్ని హాల్లో పెట్టి ఉంచాడు.

పొద్దున్నే ముందుగా అవ్వని కూర్చోబెట్టి పాట పెట్టింది. గొంతులు బాగానే వచ్చాయి. మృదంగం మాత్రం పాలడబ్బా మీద గరిటెతో కొట్టినట్టు టక్కు టక్కుమంది.

కన్నమ్మ మెడ ముందుకు చాచి కాసేపు విన్నది.

"ఇది నాను కాదు."

"నువ్వే అవ్వా. క్యాసెట్ మీద నీ పేరుంది."

"నానిలాగ వాయించినానేటి? ఎడమ సెయ్యి ఏటైపోనాది? ఓలే పాపా, ఇది ఎవులికీ ఇనిపించకు. నవ్వుతారు." ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లి, కోడలు ఇందిర చేతిలోని చింతపండు గిన్నె లాక్కుని పిసకడం మొదలుపెట్టింది.

భారతి పాట ఆపేసింది. ఇప్పుడిది బాగుపడకపోతే చుట్టాలు వినరు, అది సరే. కానీ అవ్వ ఇక ఉన్నన్నాళ్లూ, తన వాయింపు ఆ క్యాసెట్‌లో దక్కలేదని అనుకుంటూ ఉండిపోతుంది.

మేనత్త కొడుకు రూబన్ కుర్చీలు మోస్తూ లోపలికి వచ్చాడు. "ఏటి గ్రాడ్యుయేటమ్మా, ఇంత సదివి ఒక డప్పు ఇనిపించలేకపోతన్నావా?"

"నోరు మూసుకుని ఆ ఫ్యాను లాగు బావా."

"సబ్‌వూఫర్ సౌండు ఎక్కువ పెట్టు లా. అంతే," అన్నాడు రూబన్, అక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

పెంచింది. మూలనున్న నల్ల పెట్టె, అదే ఆ సబ్‌వూఫర్, ముంగిట లారీ స్టార్టు చేసినట్టు గుర్రుమంది. మృదంగం మాత్రం డబ్బాగానే ఉంది. భారతి, స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే రిసీవర్‌లో క్రాసోవర్ మార్చి చూసింది. క్రాసోవర్ అంటే, గోడకున్న చిన్న స్పీకర్లు కిందిస్థాయి శబ్దాన్ని ఎక్కడ వదిలెయ్యాలో, పెద్ద పెట్టె ఎక్కడ అందుకోవాలో చెప్పే గీత. ఎనభై హెర్ట్జ్ పెట్టింది, వంద పెట్టింది, నూట ఇరవై పెట్టింది. ఎక్కడ పెట్టినా, మృదంగంలో గుమ్మనే మంద్రం పలికించే ఎడమ చెయ్యి రాలేదు.

కాలేజీలో నేర్చుకున్నది నిదానంగా గుర్తుచేసుకుంది. చిన్నవి వదిలేస్తున్నాయి. మరి పెద్దది ఎందుకు అందుకోవడం లేదు? ఆమె నేల మీద బోర్లా పడుకుని పెట్టె వెనక్కి తల పెట్టి చూసింది. అక్కడ ఇంకో క్రాసోవర్ బొత్తాం ఉంది, పెట్టెకి సొంతది. అది అట్టడుగున, యాభై మీద ఉంది. దాని మీద ఎండిన గంధం, మధ్యలో కుంకుమ బొట్టు.

"నాన్నా! ఇది ఎవులు తిప్పినారు?"

యోగేశ్వరన్ గుమ్మంలోంచి చూశాడు. "నానే. పూజ సేసినప్పుడు అన్నీ సున్నాలో ఉండాల గదా? కొత్త లారీ కొన్నప్పుడు గేరు తీసేసి, బ్రేకు ఏసి, అప్పుడే గదా కర్పూరం ఎలిగించినాం."

"మామా, దీనికి నిమ్మకాయ తొక్కించినారా?" అన్నాడు రూబన్.

"సక్రాలు లేవు గదరా. ముందర కోసి పెట్టినాను."

"మరి పూజ అయినాక ఎందుకు తిప్పలేదు నాన్నా?"

"సౌండుది తిప్పినాను. దీని మీద సామి బొట్టు ఉన్నాది. బొట్టు పెట్టింది కదపకూడదని వదిలేసినాను."

భారతికి నవ్వు రాలేదు. పరీక్షలకి వెళ్లిన ప్రతిసారీ తన నుదుట, పెన్నుల పెట్టె మీద ఆ చేతులే ఆ బొట్టు పెట్టాయి. దాన్ని గోటితో గీకెయ్యడానికి ఆమెకి మనసు రాలేదు.

"ఇటు సూడు నాన్నా. ఇద్దరు పెద్ద అన్నం గుండిగ మోసుకొస్తన్నారనుకో. మొదటోడు గడప కాడ వదిలేసినాడు. రెండోడు నాను వంటింటి కాడే పట్టుకుంటానన్నాడు. మధ్యలో గుండిగ ఏటవుతాది?"

"కింద పడిపోతాది."

"అవ్వ ఎడమ సెయ్యి అక్కడే పడిపోతన్నాది. దీన్ని సివరికంటా తిప్పేస్తే, ఎక్కడ పట్టుకోవాలో రిసీవరే సెప్తాది. నువ్వే తిప్పు."

ఆయన చేతులు తువ్వాలుకి రాసుకుంటూ దేవుడి పటాల వైపు చూశాడు.

వంటింట్లోంచి కన్నమ్మ గొంతు లేచింది. "ఒరే యోగీ! సామికి సెవుల్లేవేటిరా? ఆయన మాత్రం సగం మద్దిలే ఇనాలా?"

యోగేశ్వరన్ వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు. ముందు పెట్టె నెత్తిన కొత్త బొట్టు పెట్టాడు. తరువాత తడిగుడ్డతో పాతది తుడిచి, బొత్తాం ఆ చివరికి తిప్పాడు.

ఇక గీత ఎక్కడ గియ్యాలన్నది భారతి పని. ఎనభై దగ్గర చిన్న స్పీకర్లకి శక్తి చాల్లేదు, మృదంగం బక్కచిక్కింది. నూట యాభై దగ్గర ఇల్లంతా అదిరింది.

"అయ్యో, షియోక్ లా! భలేగున్నాది! ఇదే ఉంచు!" అని రూబన్ గెంతాడు.

"పాట ఏది బావా? గొంతులన్నీ మూలన పెట్టెలోకి దూరిపోనాయి."

నూట ఇరవైకి దింపింది. బాగుంది, కానీ మృదంగం పాడేవాళ్ల మీదెక్కి కూర్చున్నట్టుంది. వంద పెట్టింది. కళ్లు మూసుకుంది. కుడి చెయ్యి పలికింది, దాని కింద ఎడమ చెయ్యి గుమ్మని లేచి, పాటకి అరచెయ్యి పట్టినట్టు నిలబడింది. అది మూలలోంచి రావడం లేదు, పాడేవాళ్ల మధ్యలోంచి వస్తోంది. భారతి ఎవరినీ అడగలేదు. వంద దగ్గరే ఉంచేసింది.

కళ్లు తెరిచేసరికి వంటింటి గుమ్మంలో అవ్వ ఉంది. చింతపండు అంటిన వేళ్లు తొడ మీద కదులుతున్నాయి.

"ఆఁ," అంది కన్నమ్మ. "ఇది నాను."

భోజనాలయ్యాక హాలు నిండిపోయింది. గుమ్మంలో, మెట్ల మీద కూడా కూర్చున్నారు. భారతి పాట పెట్టింది. పిల్లలు మొదట గోల చేశారు. తరువాత మృదంగం వాళ్ల అరికాళ్లలోకి పాకింది, సద్దుమణిగారు. పాట ఆగగానే, వేరే తోటలో పెరిగిన యోగేశ్వరన్ పెదనాన్న కొడుకు మహేంద్రన్ గొంతు సవరించుకున్నాడు.

"ఏం వాయించినాడు! మా సిన్నాన్న సన్యాసే గదా? ఆయన సెయ్యే అది."

సన్యాసి కన్నమ్మ పెనిమిటి, పోయి చాలా కాలమైంది.

"ఆయన తాళం ఏసినాడు," అంది కన్నమ్మ. "అదీ తప్పులు తప్పులుగా. మద్దిలి నాది."

హాలంతా గొల్లున నవ్వింది. మహేంద్రన్ లేచి వచ్చి ఆవిడ కాళ్లకి దండం పెట్టాడు. "తెల్దు సిన్నమ్మా. ఇన్నాళ్లూ తెల్దు."

యోగేశ్వరన్ ఏదో మాట్లాడాలని నిలబడ్డాడు. "మాయమ్మ వాయించింది. మా పాప ఇనిపించింది," అని కూర్చున్నాడు. భారతి తల దించుకుంది కానీ, నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏటే అలా నిలబడిపోనావు?" అంది కన్నమ్మ. "మల్లీ పెట్టు."

మళ్లీ పెట్టింది.

ఆ తోట ఇప్పుడు లేదు. మందిరం ఉన్న చోట ఇళ్లు లేచాయి. ఆ రోజు ఆ హాల్లో కూర్చున్నవాళ్లకి ఎలాగూ మరపురాదు. ఇది చదివిన మీరు కూడా, ఎవరూ నేర్పకుండానే మృదంగం ఒళ్లోకి లాక్కుని ఒక తోట భజనని నిలబెట్టిన మనిషి ఒకావిడ ఉందని మనసులో పెట్టుకోండి. పేరు కన్నమ్మ. ఎడమ చేత్తో కూడా బాగా వాయించేది. ఆవిడని మరిచిపోకండి.