నర్సమ్మ కూర్చునే చోటు

ఆ సంఘంలో అందరూ ఆమెను ఏర్పాట్లక్క అనేవారు. ఆరాధనకు అద్దెకు తీసుకున్న హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసేది ఆమే, ఎవరెక్కడ కూర్చోవాలో తేల్చేదీ ఆమే. పాస్టరు గారు కూడా ఆమెను అడిగే మైకు పెట్టుకునేవారు. ఇక ప్రార్థనంటారా, దేవుడికి కూడా పనులు పురమాయించేది. "ప్రభువా, ముందు ఎండ తగ్గించు, తర్వాత పాస్టరుగారి గొంతు బాగుచెయ్యి" అని వరస చెప్పి మరీ ఆమేన్ అనేది.

ఈ మధ్య ఆ కుర్చీల వెనుక పెద్ద మంత్రాంగమే నడుస్తోంది. చెల్లెలు కాపురం మార్చుకుని ఆ ఊరొచ్చి అదే సంఘంలో చేరింది. ఏర్పాట్లక్కకు లోకంలో మిగిలింది ఆ చెల్లెలొక్కతే. అయితే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై అక్కడే స్థిరపడిన నర్సమ్మ కూడా ఆ సంఘానికే వస్తోంది. అమ్మ చివరి రోజుల్లో మంచం పక్కన ఉన్నది ఆవిడే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

అప్పట్లో చెల్లెలు ఎక్కడో దూరాన, నిండు నెలలతో ఉంది. మంచం దిగితే బిడ్డకు ప్రమాదమన్నారు డాక్టర్లు. కబురు తెలిస్తే కట్టుబట్టలతో బయల్దేరే రకం. అందుకే అక్క చెప్పలేదు. అమ్మతోనేమో "బయల్దేరిందమ్మా, దారిలో ఉంది" అంది. అమ్మ గుమ్మం వంక చూస్తూనే కన్నుమూసింది. ఆ తర్వాత చెల్లెలితో "నిద్రలోనే పోయింది, ఎవర్నీ అడగలేదు" అంది.

ఇది చెల్లెలికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అందుకని నర్సమ్మకు ముందు వరుసలో ఫ్యాను కింద కుర్చీ, చెల్లెలికి చిట్టచివర తలుపు దగ్గర. ఆరాధన కాగానే నర్సమ్మను చెయ్యి పట్టుకుని పక్క తలుపులోంచి సాగనంపేది. చెల్లెలిని భోజనానికి పిలవాలని ప్రాణం పీకేది. పిలిస్తే అమ్మ మాట రాక మానదు. ఇంటికెళ్లి ఒక్కతే తినేది. ఇంట్లో ఏదో ఒక అలికిడి ఉండాలని గిన్నెలు కావాలనే గట్టిగా చప్పుడు చేస్తూ కడిగేది.

ఆ ఆదివారం వాన దంచికొట్టింది. హాలు కప్పు సరిగ్గా ముందు వరుస మీదే కారింది. ఏర్పాట్లక్క బకెట్టు తెచ్చేలోపు నర్సమ్మ గొడుగు, బైబిలు చంకన పెట్టుకుని వెళ్లి చెల్లెలి పక్కన కూలబడింది.

అక్క బకెట్టు కారుతున్న చోట పెట్టేసి కూర్చుంది. ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరి తలలూ దగ్గరగా ఉన్నాయి. "ప్రభువా" అని మొదలుపెట్టింది కానీ ఏం పురమాయించాలో తోచలేదు. "ఇంక నావల్ల కాదు. నీ ఇష్టం" అనుకుంది. అంత చిన్న ప్రార్థన ఆమె ఎన్నడూ చేయలేదు.

జనం వెళ్లాక చెల్లెలు వచ్చి ఎదుట నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మ నాకోసం ఎదురుచూసిందట కదా."

"చూసింది. నేనే నీకు చెప్పలేదు. అమ్మకీ అబద్ధం చెప్పాను."

"అబద్ధమని అమ్మకి తెలుసట."

అక్క బిత్తరపోయింది.

"నువ్వు గదిలో లేనప్పుడు నర్సమ్మతో అందట. 'పెద్దది చిన్నదాన్నీ, దాని కడుపులో బిడ్డనీ కాపాడుకుంటోంది. నేను నమ్మినట్టే ఉంటాను, లేకపోతే ఇది తట్టుకోలేదు. నేను పోయాక నాకు కోపం లేదని దీనికి చెప్పు' అని. నువ్వప్పుడు ఏడుపులో దగ్గరికి రానివ్వలేదట. ఇక్కడ కలిశాక ఎన్నిసార్లు చెప్పబోయినా, చెయ్యి పట్టుకుని బయటికి పంపేశావట."

తను పక్కకు జరుపుతూ వచ్చింది దేన్నో అప్పటికి అర్థమైంది. తన తెలివంతా పెట్టి మూసుకున్నదాన్ని దేవుడు ఓ వానతో తెరిచాడు. తడి కుర్చీ అని కూడా చూడకుండా కూర్చుని భోరుమంది.

చెల్లెలు ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా నిలబడి, అప్పుడు అంది. "నాకు మాత్రం కోపం పోలేదక్కా. అయినా ఈ పూట మీ ఇంట్లోనే తింటాను. అమ్మ గుమ్మం వంక ఎలా చూసిందో చెబుదువుగాని, పద."