ఎవరూ నొక్కని బటన్

"చాలా బాగుంది" అన్న మాట ఒకసారి వింటే సంతోషం. మూడోసారికి అనుమానం. అదే పనిగా వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా వాడ వెబ్‌సైట్ వాడటానికి ఎక్కడ కష్టంగా ఉందో, ఏం మారిస్తే బాగుంటుందో రాయమని ఒక పేజీ పెట్టి అందరి ఫోన్లకీ పంపాను. వచ్చిన జవాబులన్నీ ఒకటే. చాలా బాగుంది, పాపం శ్రమ పడ్డారు, ధన్యవాదాలు. ఒకావిడైతే రాసే శ్రమ కూడా పడకుండా పువ్వుల బొమ్మలు పంపింది.

నేను పుట్టింది సుమత్రాలో తోబా సరస్సు ఒడ్డున, బతాక్ జాతివాళ్ళ ఇంట్లో. మా వైపు కూర బాగాలేకపోతే వండినవాళ్ళ మొహం మీదే చెప్తారు, మారు వడ్డించుకుంటూ. జావాలోని ఈ సోలో ఊరికి కోడలిగా వచ్చి ఏళ్ళు గడిచినా ఈ జావా మర్యాద నాకు ఒంటబట్టలేదు. ఇక్కడ మనం ఎవరి కాలైనా తొక్కితే, "పర్లేదండీ, నా కాలే అడ్డొచ్చింది" అంటారు.

వెబ్‌సైట్ చేసింది నేనే. చెత్త బండి వేళలు, టీకాల రోజులు, ఎవరింట్లో ఏ శుభకార్యం, అన్నీ అందులో పెట్టాను. అన్నిటికంటే నాకు ముద్దొచ్చింది రేవాంగ్ పేజీ. ఇక్కడ పెళ్ళికి వంటవాళ్ళని పిలిపించరు. వాడలో ఆడవాళ్ళంతా ఎవరి కత్తులు వాళ్ళు తెచ్చుకుని పెళ్ళింట కూర్చుని వండిపెడతారు, అదే రేవాంగ్. పెళ్ళివారు పేజీలో తేదీ పెడితే, రాగలిగినవాళ్ళు ‘నేను వస్తాను’ అన్న బటన్ నొక్కాలి. ఇంతకంటే సులువేముంటుంది అనుకున్నాను.

దాన్ని మొదట వాడుకున్నది మా పక్కింటి తుమిరా వదిన. మొగుడు పోయాక సందు మొదట్లో పొద్దుటిపూట పల్లీల పచ్చడి కలిపిన ఆకుకూరలు అమ్మి కూతురు సెకార్‌ని పెంచింది. ఈ వాడలో ఎవరింట పెళ్ళి జరిగినా అన్నం కుండల దగ్గర చెమటలు కక్కేది ఆవిడే. ఇప్పుడు సెకార్ పెళ్ళి.

"ఇల్లిల్లూ తిరిగి పిలిచి రానా?" అని నన్ను అడిగింది కూడా.

"మోకాళ్ళ నొప్పులతో ఆ తిరుగుళ్ళెందుకు వదినా? అందరి ఫోన్లలో ఉందిగా!" అన్నాను, పెద్ద తెలివైనదానిలా.

పెళ్ళి ఆదివారం. వంట శనివారం తెల్లవారగానే మొదలవ్వాలి. శుక్రవారం సాయంత్రం వదిన వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇది పాడైందేమో చూడమ్మా" అంది.

పాడవలేదు. ‘నేను వస్తాను’ కింద నా పేరొక్కటే ఉంది.

"పనసకాయలు వచ్చేశాయి. బియ్యం బస్తాలు దిగాయి. పెళ్ళికొడుకు వాళ్ళు బస్సులేసుకుని వస్తారు" అంది వదిన. "ఆయన పోయాక మమ్మల్ని లెక్కలోంచి తీసేసినట్టున్నారు రోసింతా. నాకు తెలీలేదు, అంతే" అంది. నాకు వాడ మొత్తం మీద కోపమొచ్చింది.

ఆ కోపంతోనే వీధిలోకి దిగాను. మొదట దొరికింది మా సందు పెద్ద గునాది గారు, అరుగు మీద పిట్టకి గింజలు వేస్తూ.

"ఆ పేజీ చాలా బాగుందమ్మా. రంగు కూడా చల్లగా ఉంది" అన్నాడు నేను నోరు తెరవకముందే.

"రంగు సంగతి ఎవరడిగారండీ! మీ ఆవిడ బటన్ ఎందుకు నొక్కలేదు?"

ఆయన నవ్వి, "టీ తాగుతావా?" అన్నాడు. లోపల ఆయన భార్య మూర్ని తలుపు చాటుకి తప్పుకుంది.

పక్కిల్లూ అంతే, ఆ పక్కిల్లూ అంతే. నవ్వులు, టీలు, బాగుంది బాగుంది. చివరికి వాడలో అందరికంటే పెద్దదైన కర్సినెం అవ్వ ఇంటి ముందు నిలబడి అరిచినంత పని చేశాను.

"కూర్చోవే. నిలబడి అరిస్తే చూడ్డానికి నాకు మెడ నొప్పి" అంది అవ్వ, చేటలో బియ్యం ఏరుతూ.

"పేజీలో ఏం తప్పుంది అవ్వా?"

"చాలా బాగుంది."

"అవ్వా!"

అవ్వ బోసినోటితో నవ్వింది. "సరే. మీ పుట్టింటి వైపు పిలవకుండానే పెళ్ళింటి వంటింట్లో దూరతారా?"

"పిలిచిందిగా! పేజీలో పెట్టింది."

"పేజీ పిలిచింది. తుమిరా పిలిచిందా? గుమ్మంలోకి రావాలి, కూర్చోవాలి, ‘నువ్వు రాకపోతే నా పని కాదక్కా’ అనాలి. పిలవని పేరంటానికి నేనొస్తా నేనొస్తానని పదిమందీ చూసేలా పేరెక్కించుకోడానికి మాకు సిగ్గుండదూ? వాడంతా కుమిలిపోతోందే. తుమిరాకి మేం ఏం తక్కువ చేశాం, ఒక్క గడపా తొక్కలేదేం అని."

"ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా! అభిప్రాయం రాయమని బతిమాలానుగా!"

"రాయమన్నావు కాబట్టే రాయలేదు. అంత కష్టపడి చేశావు. చేదు మాట రాసిపెడితే నువ్వు రోజూ తీసి చదువుకుని ఏడవవూ?"

అటు వాడ చిన్నబుచ్చుకుంది, ఇటు వదిన కుంగిపోయింది, మధ్యలో అడ్డంగా నిలబడ్డది నా తెలివి. సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా భయమేసింది. వంటకి ఇంకా ఒక్క పూటే ఉంది.

పరుగున వెళ్ళి వదినకి అంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. తిడితే బాగుండును, తిట్టలేదు. పండగలకి కట్టే బాతిక్ అద్దకపు బట్ట చుట్టుకుని, తల దువ్వుకుని, "ఇంత చివర్లో పిలిస్తే ఇంకా అవమానపడతారేమోనే" అంటూనే బయల్దేరింది. సాయంత్రం నమాజు అయి జనం ఇళ్ళకి మళ్ళుతున్నారు. మొదట గునాది గారి గడప ఎక్కాం.

"మూర్నక్కా, రేపు మా సెకార్‌కి..." అని వదిన మొదలుపెట్టిందో లేదో, మూర్ని గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది, తలుపేసుకుంటుంది అనుకున్నాను.

మూర్ని తిరిగొచ్చింది. చేతిలో గుడ్డలో చుట్టిన కత్తి. వెనకాలే కొడుకు చేత మోయిస్తున్న, తోమి తళతళలాడుతున్న పెద్ద డేగిసా.

"ఎప్పుడో నూరి పెట్టుకున్నా. గుమ్మంకేసి చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ఇంత ఆలస్యమా పిల్లా?" అంది.

వదిన ఆ డేగిసా అంచు పట్టుకుని ఏడ్చేసింది. మూర్ని కూడా. నేను గోడకి ఆనుకుని, ఇంకెన్ని గడపలున్నాయో లెక్కపెట్టుకున్నాను.

తర్వాత ఏ గడప తొక్కినా అదే వరస. ఒకావిడ కొబ్బరి కోరాం కడిగి ఆరబెట్టింది. బాతిక్ కార్ఖానాలో పనిచేసే ఒకమ్మాయి, "శనివారానికి సెలవు పెట్టేశాను పిన్నీ, మీరు పిలవకపోతే ఇంట్లో కూర్చుని ఎవరికేం చెప్పాలా అని చచ్చేంత భయపడ్డా" అంది. మోకాళ్ళ నొప్పుల ఊసే లేదు వదినకి. నేనే వెనకపడ్డాను.

తెల్లవారేసరికి పెరట్లో అడుగు పెట్టే చోటు లేదు. మగవాళ్ళు ఒక మూల టీ పొయ్యి చుట్టూ చేరారు. పనసకాయలు ముక్కలవుతున్నాయి, కొబ్బరిపాలు పిండుతున్నారు. నాకు ఉల్లిపాయలు అప్పగించారు. చేతులు పనిలో పడి, కళ్ళు కత్తి మీద ఉన్నాయేమో, నోళ్ళు ఒక్కసారిగా విప్పారు.

"ఆ బూడిద రంగు అక్షరాలు నా కళ్ళజోడుకి చచ్చినా కనబడవమ్మాయ్."

"చెత్త బండి వేళ అడుగున ఎక్కడో దాచావు. అది దొరికేసరికి బండి పోతోంది."

"మాటిమాటికీ పాస్‌వర్డ్ అడుగుతుందే, నా మొగుడు కూడా నన్ను అన్ని ప్రశ్నలు అడగడు!"

"అంటే, రంగు కూడా..." అన్నాడు టీ పొయ్యి దగ్గర్నుంచి గునాది గారు గొంతు సవరించుకుంటూ, "కొద్దిగా కళ్ళలో గుచ్చుతుంది."

రాసుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఉల్లిపాయల వల్లో మరి దేని వల్లో కన్నీళ్ళు కారిపోతున్నాయి.

"నువ్వు కూడా చెప్పు వదినా" అన్నాను.

తుమిరా వదిన అన్నం కుండ దగ్గర్నుంచి నా కేసి తిరిగింది. చేతిలో గరిటె.

"ఆ బటన్ పీకి పారెయ్. తేదీ ఒక్కటి పెట్టు చాలు, పిలవడం నేను చూసుకుంటా" అంది. అక్కడితో ఆగలేదు. "నీ పేజీని నమ్ముకుని నేను కంటి మీద కునుకు లేకుండా ఏడ్చానే! నా బిడ్డ పెళ్ళి అనాథ పెళ్ళయిపోతుందని చచ్చాను. మళ్ళీ ఇలాంటి పని చేశావంటే ఈ గరిటె నీ వీపు మీదే విరుగుతుంది!"

ఈ వాడలో ఎవరూ ఎవరినీ నలుగురిలో ఇలా అనరు. కర్సినెం అవ్వ చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

నాకు మాత్రం ఈ ఊరొచ్చాక ఇంత హాయిగా ఎన్నడూ లేదు. పక్కున నవ్వాను. వదిన కూడా నవ్వింది, ఆ తర్వాత పెరడంతా.

"నవ్వింది చాల్లే, ఆ ఉల్లిపాయలు మరీ లావుగా ఉన్నాయి, సన్నగా తరుగు" అంది వదిన.

తరిగాను.