మేడ మీద కాకిరాజు

మోకాలికి ఆపరేషన్ అయ్యాక కాన్పులమ్మకు టీవీ తప్ప వేరే దిక్కు లేకపోయింది. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, ఆ వీధిలో సగం మందిని తన చేతులతో ఈ లోకంలోకి లాగిన మనిషి, ఇప్పుడు తన కాలు తానే ఎత్తుకోలేక సోఫాకు అతుక్కుపోయి రోజంతా వార్తలు చూసేది. సాయంత్రం వార్తలు చదివే ఆయనకు ‘కేకలబాబు’ అని పేరు పెట్టింది. ఎదురుగా కూర్చున్న వాళ్లతో కూడా ఆయన ఏటి అవతలి గట్టున ఉన్నవాళ్లను పిలిచినట్టే మాట్లాడతాడు.

మొదట్లో ఆ గొంతు వింటే చిరాకేసేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత అది వినకపోతే తిన్నది అరగడం మానేసింది. కేకలబాబు రోజూ ముస్లింల గురించే చెప్పేవాడు. ధరలు పెరిగినా వాళ్లే, కుళాయిలో నీళ్లు రాకపోయినా వాళ్లే. తెర మీద ఎప్పుడూ ఒక గడ్డం, ఒక టోపీ, చుట్టూ ఎర్ర సున్నా.

“మనమూ ముస్లింలమే అత్తయ్యా,” అని ఒకరోజు గుర్తు చేసింది మందుల షాపులో పనిచేసే కోడలు.

“మనం కాదే, వాళ్లు,” అంది కాన్పులమ్మ. ఐదు పూటలా నమాజు చేసే ఆ మనిషి చేతిలో తస్బీ పూసల దండ అప్పటికింకా తిరుగుతూనే ఉంది.

“వాళ్లంటే ఎవరు?”

“టీవీలో చూపిస్తున్నారుగా!”

పై వాటాలో అద్దెకుండే కుర్రాడికి కూడా గడ్డం ఉంది. వచ్చి మూడు నెలలైనా కిటికీలు తెరిచిన పాపాన పోలేదు. పరుపులు తెప్పించుకుని, వాటి మీద పడుకోకుండా గోడలకు ఆనించాడు. ఏం పని చేస్తావు బాబూ అంటే, “ఇంట్లోనే అమ్మా, మైకు పని,” అని నవ్వాడు. ఇదివరకైతే ఆమె కూడా నవ్వేసి ఊరుకునేది. ఇప్పుడు ఆ నవ్వు చుట్టూ ఎర్ర సున్నా కనబడింది.

ఒక మధ్యాహ్నం కోడలు షాపులో ఉన్నప్పుడు పైనుంచి అరుపు వినిపించింది.

“ఈ నగరాన్ని బూడిద చేస్తా! ఒక్కడూ మిగలడు! హహహ!”

తర్వాత మామూలు గొంతుతో, “ఇంకోసారి చెప్తా,” అన్నాడు.

ఆ ‘ఇంకోసారి’కి కాన్పులమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. తెర కింద నంబరు కనబడుతూనే ఉంది: మీ ఇంటి పక్కన ఎవరున్నారో మీకు తెలుసా? వెంటనే ఫోను అందుకుని నొక్కేసింది.

పోలీసులను పిలిచినా అంత త్వరగా రారు. టీవీవాళ్లు మాత్రం రెక్కలు కట్టుకుని వాలారు. విలేకరి ముందు, కెమెరా వెనక, కర్ర పట్టుకుని మెట్ల దగ్గర ఏమీ ఎరగనట్టు కాన్పులమ్మ.

కుర్రాడు మెడలో హెడ్‌ఫోన్లతోనే తలుపు తీశాడు. పిల్లల బొమ్మల సినిమాలకు గొంతిస్తాడట. బయటి చప్పుడు లోపలికి రాకుండా కిటికీలకూ గోడలకూ ఆ ఏర్పాట్లన్నీ. ఇవాళ దుర్మార్గుడైన కాకిరాజు వేషం. కంప్యూటర్లో కిరీటం పెట్టుకున్న కాకిని చూపించాడు కూడా.

“భలే ఉందే! కెమెరా వైపు తిరిగి ఒక్కసారి ఆ డైలాగు చెప్పండి,” అన్నాడు విలేకరి. అమాయకుడు, రెండుసార్లు చెప్పాడు. మేడ మీది మాటలన్నీ కిందికి వినిపించి, కాన్పులమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మనసు తేలికపడి వాళ్లు కిందికి దిగాక అందరికీ టీ పెట్టి ట్రేలో తనే అందించింది.

సాయంత్రం కేకలబాబు వచ్చాడు. కాకి రాలేదు. గడ్డం, అరుపు, ఎర్ర సున్నా మాత్రమే వచ్చాయి. వెంటనే ట్రేతో కాన్పులమ్మ. “దుండగుడికి ఆశ్రయమిచ్చిన ఈ ముసలావిడ ఎవరు?” ఆమె తల చుట్టూ ఒక సున్నా, టీ కప్పుల చుట్టూ ఇంకొకటి.

“మీరూ ‘వాళ్ల’లో కలిశారు అత్తయ్యా,” అంది కోడలు.

తెల్లారేసరికి వీధి మారిపోయింది. మందుల షాపు యజమాని కోడలిని కొన్నాళ్లు రావొద్దన్నాడు. మూల కొట్టువాడు సరుకు లేదన్నాడు. కాన్పులమ్మ కర్ర తాటించుకుంటూ అక్కడికే వెళ్లింది.

“ఏరా, నన్ను చూసి భయపడ్డావా? పుట్టగానే నువ్వు ఏడవకపోతే పిర్ర మీద నాలుగు చరిచి ఏడిపించింది నేనేరా! ఇంకో నాలుగు బాకీ ఉన్నట్టుంది.”

వాడు నేలచూపులు చూస్తూ, “అది కాదమ్మా... టీవీలో చూపించారు కదా,” అన్నాడు.

కాన్పులమ్మ కర్ర ఇంటివైపు తిప్పింది. తను కోడలికి చెప్పిన మాటే అది.

ఇంటికొచ్చేసరికి కుర్రాడు సామాన్లు సర్దుతున్నాడు. మెట్లెక్కలేక కిందనుంచే పిలిచింది.

“ఫోన్ చేసింది నేనే బాబూ.”

“తెలుసమ్మా. నిన్న రిపోర్టరే చెప్పాడు.”

“తెలిసీ నా టీ తాగావా?”

“టీ ఏం పాపం చేసిందమ్మా?”

కాన్పులమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కుర్రాడు దిగొచ్చి ఆమెను లేపే ప్రయత్నంలో ఉండగానే గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టరు మీసం సవరించుకుని, “ఏమన్నావో మళ్లీ అను,” అన్నాడు. కుర్రాడు తడబడుతూ నగరాన్ని బూడిద చేశాడు. ఇన్‌స్పెక్టరు మొహం వికసించింది.

“ఓరి నీ! కాకిరాజువి నువ్వేనటయ్యా? నీ గొంతు వినందే మా చిన్నది ముద్ద ముట్టదు!” అంటూ ఇంటికి ఫోను కలిపాడు. బువ్వ తినకపోతే ముక్కుతో పొడుస్తానని కాకిరాజు ఫోనులో గర్జించాడు. విచారణ అంతటితో ముగిసింది.

ఛానల్ కూడా తప్పు దిద్దుకుంది. తెర అడుగున, వాతావరణం వార్త వెనకాల, చిన్న అక్షరాల్లో ఒక్క వరుస పరుగెత్తుకుంటూ పోయింది. కోడలికి ఉద్యోగం మళ్లీ దొరికింది. కొట్టువాడు సరుకులు ఇస్తున్నాడు గానీ, మేడ వైపు ఓరచూపులు మానలేదు.

కాన్పులమ్మ బతిమాలితే కుర్రాడు ఉండిపోయాడు. సాయంత్రాలు కిందికి దిగి, టీవీ నోరు నొక్కేసి, కేకలబాబు పెదాలకు ఉగ్గు అందని చంటిపిల్లాడి గొంతు తగిలించేవాడు. ఆమె దగ్గొచ్చేదాకా నవ్వేది.

ఒకరోజు కుర్రాడు ఊళ్లో లేడు. టీవీకి నోరుంది. ఇంకెవరిదో ఇల్లు, ఇంకెవరిదో గడ్డం. కాన్పులమ్మ సోఫా అంచుకు జరిగింది.

“వీడి వాలకం చూస్తే మాత్రం నాకెందుకో...”

“అత్తయ్యా!”

కాన్పులమ్మ నాలుక కరుచుకుంది. కాసేపు ఆ ఇంటి గుమ్మాన్నీ, దాని చుట్టూ ఉన్న సున్నానూ తేరిపార చూసింది.

“ఫోన్ చేసిన మహాతల్లి ఎవరో!” అని గొణిగి టీవీ కట్టేసింది.